హంతకుడు చనిపోయాడని ఫైలు మూసేయకండి

ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి,
రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ సభ్య కార్యదర్శి గారికి,

నమస్కారాలు.

నలుగురైదుగురిని చంపిన మనిషి వెంటనే తన ప్రాణమూ తీసుకున్నాడన్న వార్త వచ్చినప్పుడల్లా మా కావలి టీ కొట్ల దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. “పీడ విరగడైంది, కోర్టు ఖర్చు మిగిలింది” అంటారు కొందరు. “హాయిగా తప్పించుకున్నాడు” అని పళ్లు నూరుతారు మరికొందరు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కోర్టుల్లో ప్రాసిక్యూషన్ వైపు నిలబడి రిటైరైనవాణ్ణి కనుక నువ్వేమంటావని నన్ను అడుగుతుంటారు. నేను రెండో పక్షమే. తప్పించుకున్నాడు. బోనులో నిలబడలేదు. చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతుంటే వినాల్సిన అవసరం అతనికి కలగలేదు. ఒక్క సాక్షి కళ్లలోకీ చూడలేదు. తన చావుకు వేళ తానే నిర్ణయించుకున్నాడు. అతని చేతిలో పోయినవాళ్లకు ఆ వీలు ఇవ్వలేదు. న్యూరెంబర్గ్ యుద్ధ నేరాల విచారణలో ఉరిశిక్ష పడిన నాజీ నాయకుడు గోరింగ్ చేసిందీ ఇదే. 1946 అక్టోబరులో ఉరికంబం ఎక్కడానికి కొన్ని గంటల ముందు విషం మింగాడు. ఎలాగూ చావాల్సినవాడే కదా, తేడా ఏముంది అనవచ్చు. తేడా ఉంది. శిక్ష వేసే అధికారాన్ని న్యాయస్థానం చేతిలోంచి లాక్కున్నాడు.

పైలోకంలో లెక్క తేలుతుందని మా పెద్దవాళ్లు అంటారు. తేలితే మంచిదే. చిత్రగుప్తుడి చిట్టాతో నాకు పేచీ లేదు. కానీ ప్రభుత్వం తన పనిని యముడికి అప్పగించి చేతులు దులుపుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేను. ఈ లేఖ రాయడానికి కారణం హంతకుడి మీద కోపం కన్నా, అతని చావు చాటున ఇంకెంతమంది తప్పించుకుంటున్నారో చూసి కలిగిన కోపమే.

చనిపోయినవాడి మీద క్రిమినల్ కేసు నడవదు. కోర్టు వాళ్ల మాటల్లో అది ‘అబేట్’ అవుతుంది, అంటే అక్కడితో ఆగిపోతుంది. అది సబబే. తన తరఫున మాట్లాడుకోలేని మనిషిని దోషిగా ప్రకటించడం న్యాయం కాదు, ఆ సూత్రాన్ని మార్చమని నేను అడగను. నా అభ్యంతరం ఆ తర్వాత జరిగేదాని మీద. నిందితుడు ఒక్కడే, అతడూ లేడు, ఇక తేల్చాల్సిందేమీ లేదని పోలీసులు తుది నివేదిక రాసి ఫైలు కట్టేస్తారు. శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఇరుగుపొరుగువాళ్ల నాలుగు వాంగ్మూలాలు, అంతటితో సరి. పంచనామా పరిధి ఎంతో మీకు తెలియనిది కాదు. చావుకు కనిపిస్తున్న కారణం ఏమిటో చూడటమే దాని పని, ఎవరు కొట్టారు, ఏ పరిస్థితుల్లో కొట్టారు అన్నవి అందులోకి రావని 1975లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన పెద్ద నారాయణ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అవి తేలాల్సిన చోటు కోర్టు విచారణ. ఆ విచారణ లేదు. కనుక ఎక్కడా తేలవు.

విచారణ లేకపోయినా తేల్చవచ్చని చూపిన దేశాలున్నాయి. 1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ అనే చిన్న పట్టణంలో ఒకడు ప్రాథమిక పాఠశాలలోకి తుపాకులతో చొరబడి 16 మంది పసిపిల్లల్ని, వాళ్ల టీచరును చంపి, అక్కడే తానూ చనిపోయాడు. నిందితుడు లేడు, కేసు లేదు. మన పద్ధతిలో అయితే ఆ వారంలోనే ఫైలు అటకెక్కేది. అక్కడి ప్రభుత్వం లార్డ్ కల్లెన్ అనే న్యాయమూర్తిని విచారణకు నియమించింది. ఆ వేసవిలోనే దగ్గర్లోని స్టిర్లింగ్ పట్టణంలో బహిరంగంగా సాక్షులను పిలిచి విన్నారు. అక్టోబరుకల్లా నివేదిక బయటికి వచ్చింది.

అందులో బయటపడినవి చూడండి. ఆ తుపాకులన్నీ అతని దగ్గర లైసెన్సుతోనే ఉన్నాయి. మగపిల్లలతో అతడు నడిపే క్లబ్బుల్లో అతని ప్రవర్తన మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులున్నాయి. ఇతని లైసెన్సు రద్దు చేసే విషయం ఆలోచించాలని 1991లోనే ఒక పోలీసు అధికారి పైవాళ్లకు రాశాడు. ఆ కాగితం ఏ పనీ చేయలేదు. లైసెన్సు మాత్రం మళ్లీ రెన్యూ అయింది. నివేదిక వచ్చాక అక్కడి పోలీసు శాఖలో పైస్థాయి అధికారి ఒకరు రాజీనామా చేశారు. మరుసటి ఏడాది, 1997లో, బ్రిటన్ పార్లమెంటు రెండు చట్టాలు చేసి పౌరుల చేతుల్లో పిస్తోళ్లు దాదాపు లేకుండా చేసింది. హంతకుడు బతికి ఉంటే ఇంత జరిగేదా అని నాకు అనుమానమే. అతడు నేరం ఒప్పుకునేవాడు, యావజ్జీవం పడేది, లైసెన్సు ఇచ్చినవాళ్ల పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

అలా జరగడం ఊహ కూడా కాదు. డన్‌బ్లేన్ తర్వాత ఆరు వారాలకే ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాడు. ప్రాణాలతో దొరికాడు. నేరం ఒప్పుకున్నాడు. దాంతో సాక్షుల విచారణే జరగలేదు. శిక్ష పడింది, అతడు ఇప్పటికీ జైల్లో ఉన్నాడు. తప్పించుకోలేదు కదా అని సంతోషించాలా? శిక్ష వరకు సంతోషించాలి. బతికి ఉన్న హంతకుడు నోరు విప్పుతాడన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. ఇంగ్లండులో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు తన రోగులనే చంపాడు. 2000లో కోర్టు 15 హత్యలకు శిక్ష వేసింది. 2002లో విచారణ సంఘం లెక్క తీస్తే 215 మంది అని తేలింది. అప్పటికి అతడు జైల్లో సజీవంగానే ఉన్నాడు, ఒక్క ముక్క చెప్పలేదు. 2004 జనవరిలో జైల్లోనే ఆత్మహత్య చేసుకున్నాడు. కుటుంబాలు ఆ రోజు మోసపోయినట్టు బాధపడ్డాయి. కానీ ఎవరెవరు అతని చేతిలో పోయారో వాళ్లకు అప్పటికే తెలుసు. ఆ తెలియడం అతని నోటి నుంచి రాలేదు, రికార్డుల నుంచి, సాక్షుల నుంచి వచ్చింది.

మరీ దగ్గరి కాలంలో, 2021 ఆగస్టులో ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఒక యువకుడు ఐదుగురిని చంపి తానూ చనిపోయాడు. అతని దగ్గర స్వాధీనం చేసుకున్న తుపాకీని పోలీసులు కొన్ని వారాల ముందే తిరిగి ఇచ్చేశారు. 2023లో జరిగిన మరణ విచారణలో సామాన్య పౌరులతో కూడిన జ్యూరీ ఆ పోలీసు శాఖనే తప్పుపట్టింది. చనిపోయినవాణ్ణి వదిలేసి బతికున్న వ్యవస్థను బోనెక్కించడమంటే ఇదే.

ఇవన్నీ తెల్లవాళ్ల కథలు, మనకు కుదరవు అంటారేమో. 1991 మే 21న నెల్లూరుకు దక్షిణాన, శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని, మరికొందరిని చంపిన మానవబాంబు అక్కడికక్కడే ముక్కలైంది. కుట్రను నడిపిన శివరాసన్ ఆగస్టులో బెంగళూరు శివార్లలో కమాండోలు చుట్టుముట్టాక ప్రాణం తీసుకున్నాడు. చేసినవాళ్లు చచ్చారు కదా అని సీబీఐ ఫైలు మూసిందా? మిగిలినవాళ్ల మీద కేసు నడిచింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భద్రతలో లోపాలు తేల్చడానికి వర్మ కమిషన్, కుట్ర సంగతి చూడటానికి జైన్ కమిషన్ వేశారు. ఆ నివేదికల మీద ఎంత రాజకీయం నడిచినా, ‘హంతకురాలు చనిపోయింది’ అన్నది ప్రశ్నలు ఆపేయడానికి చాలిన జవాబని ఎవరూ అనలేదు. మాజీ ప్రధాని విషయంలో చాలని జవాబు కౌలు రైతు కూతురి విషయంలో ఎలా చాలుతుంది?

ఇక మన ఊళ్లకు వస్తాను. మన జిల్లాల్లో ఇది బడిలో తుపాకీతో జరగదు. తలుపులు వేసిన ఇంట్లో జరుగుతుంది. రొయ్యల చెరువులో నష్టం, పొగాకు పెట్టుబడికి తెచ్చిన వడ్డీ అప్పు, చీటీల గొడవ, ఫోనులో బెట్టింగ్, భార్య మీద అనుమానం. మర్నాడు పేపర్లో ‘కుటుంబం ఆత్మహత్య’ అని శీర్షిక. ఆ కుటుంబంలో నాలుగేళ్ల పాప ఉంటుంది. నాలుగేళ్ల పాప ఆత్మహత్య చేసుకోదు. ఆ పాపను చంపారు. చంపినవాడు తండ్రి కావడం, అతడు అప్పులతో నలిగిపోయి ఉండటం, రెండూ నిజం కావచ్చు. అతని మీద జాలి పడండి, నేనూ పడతాను. కానీ ఒకటికి మించిన హత్యలు చేసి చనిపోయిన మనిషి మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఈ రూపంలోనే. జాలి పేరుతో ఆ హత్యలనే లెక్కలోంచి తీసేస్తున్నాం.

ఒక కేసు చెబుతాను, ఊరూ స్టేషనూ చెప్పను. కూతుర్నీ ఇద్దరు మనవళ్లనూ అల్లుడి చేతిలో పోగొట్టుకున్న ఒక పెద్దావిడ మా ఆఫీసు వరండాలో వచ్చి కూర్చునేది. “అయ్యా, కేసు ఎప్పుడు పిలుస్తారు?” అని అడిగేది. “కేసు లేదమ్మా, మీ అల్లుడు కూడా చనిపోయాడు కదా” అన్నాను. “వాడు పోయాడయ్యా, నాకు తెలుసు. నా బిడ్డ అంతకు ముందు వారం స్టేషనుకు వెళ్లి చెప్పుకుంది. సర్దుకుపొమ్మని పంపించారు. ఆ సంగతి ఎవరు అడుగుతారు?” నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే చట్టంలో ఆ ప్రశ్న అడగాల్సిన కుర్చీయే లేదు.

ఆవిడ కష్టం అక్కడితో ఆగలేదు. కూతురికి పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన స్థలం ఉంది. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం అలాంటి ఆస్తికి పిల్లలు, భర్త తర్వాత భర్త వారసులు వస్తారు. కన్నతల్లి వాళ్ల తర్వాతే. అదే చట్టం 25వ సెక్షన్ హత్య చేసినవాడు హతురాలి ఆస్తికి వారసుడు కాలేడంటుంది. బాగుంది. మరి అతడు హత్య చేశాడని ఏ కోర్టు చెప్పింది? ఏదీ చెప్పలేదు, కేసే లేదు కదా. కనుక అల్లుడి తరఫువాళ్లు ఆ స్థలం తమదని వస్తే, కూతురిని పోగొట్టుకున్న తల్లే సొంత ఖర్చుతో సివిల్ దావా వేసి, అల్లుడు హంతకుడని తానే రుజువు చేసుకోవాలి. రాజ్యం చేయాల్సిన పని డెబ్బై ఏళ్ల మనిషి నెత్తిన పడుతుంది.

చట్టం ఇంకా ఎక్కడెక్కడ ఎటు మొగ్గిందో గమనించండి. నిందితుడు పోలీసు కస్టడీలో చనిపోతే మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. ఉండాల్సిందే, 2019లో షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే సుప్రీంకోర్టు సిర్పుర్కర్ కమిషన్ వేసి నిజం తేల్చింది, చాలా మంచి పని. హంతకుణ్ణి ఎవరైనా ఆత్మహత్యకు ఉసిగొల్పారని తేలితే దానికీ శిక్ష ఉంది. కింది కోర్టులో శిక్ష పడినవాడు అప్పీలు నడుస్తుండగా చనిపోతే, అతని దగ్గరి బంధువు 30 రోజుల్లో అనుమతి కోరి ఆ అప్పీలును కొనసాగించవచ్చు. చనిపోయినవాడి పేరు మీద మచ్చ తుడుచుకునే హక్కు అతని కుటుంబానికి ఉండాలని చట్టమే గుర్తించింది. అంటే మనిషి పోయినా తేల్చాల్సింది మిగిలే ఉంటుందని చట్టానికి తెలుసు. ఆ తెలివి హంతకుడి వైపు నిలబడినవాళ్లకే ఎందుకు ఉపయోగపడాలి?

విచారణ పెట్టినా ఏళ్లకేళ్లు సాగుతుంది కదా అన్న మాట కొట్టిపారేయలేనిదే. అప్పట్లో ప్రకాశం జిల్లాలోనే ఉన్న కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని చంపితే సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. జాతీయ రహదారి మీద లారీ డ్రైవర్లనూ క్లీనర్లనూ చంపిన మున్నా ముఠా కేసులో నేరాలు 2008 నాటివి, ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది 2021 మేలో. ఈ ఆలస్యానికి మా వృత్తి కూడా సిగ్గుపడాలి. అయినా ఒంగోలు తీర్పుతో ఆ డ్రైవర్ల ఇళ్లకు చేరింది శిక్ష వార్త ఒక్కటే కాదు. అధికారులమని చెప్పి లారీలు ఎలా ఆపారో, సరుకుతో వెళ్లిన లారీలు ఎలా మాయమయ్యాయో కోర్టు రికార్డుకెక్కింది. ఆ ముఠా మొత్తం పట్టుబడే ముందే ప్రాణాలు తీసుకుని ఉంటే, కొడుకు లారీతో సహా ఏమయ్యాడో కూడా తెలియకుండా ఎన్ని ఇళ్లు ఉండిపోయేవో.

ఆలస్యం కానవసరం లేదని మన ప్రభుత్వమే చూపింది కూడా. 2022 డిసెంబరు 28న కందుకూరులో రాజకీయ సభ దగ్గర తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు. అక్కడ హంతకుడంటూ ఎవరూ లేరు. అయినా వారాల్లోనే హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తితో ఏకసభ్య కమిషన్ వేశారు. 1952 నాటి విచారణ సంఘాల చట్టం అందుకు సరిపోయింది. ఆ కమిషన్ వెనుక రాజకీయం ఎంతో నేను మాట్లాడను. కందుకూరుకు సరిపోయిన చట్టం పక్క మండలంలో తండ్రి చేతిలో పోయిన పిల్లలకు ఎందుకు సరిపోదని మాత్రం అడుగుతాను.

విచారణ వేసినంత మాత్రాన అన్నీ తెలుస్తాయని మిమ్మల్ని నమ్మించను. 2017 అక్టోబరు 1న అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఒకడు హోటల్ గది కిటికీ నుంచి పాటల కచేరీ మీద కాల్పులు జరిపి 58 మందిని చంపి తానూ చనిపోయాడు. గాయాలతో తర్వాత పోయినవాళ్లతో కలిపి ఆ లెక్క 60. ఎఫ్‌బీఐ ఏడాదికి పైగా తవ్వి, ఇదీ కారణమని ఒక్కటి చెప్పలేమని 2019లో తేల్చింది. సరే. వెతికి దొరకలేదని చెప్పడం వేరు, వెతకనే లేదని కుటుంబాలకు అర్థం కావడం వేరు.

హంతకుడి అమ్మానాన్నల సంగతేమిటని ఒక యువ న్యాయవాది నన్ను అడిగాడు. బహిరంగ విచారణ వాళ్లను రెండోసారి వీధిలో నిలబెట్టదా? నిలబెట్టవచ్చు. అందుకే అది శిక్ష వేసే విచారణ కాకూడదు, వాళ్లకూ న్యాయవాదిని ఇవ్వాలి, వాళ్ల మాటా వినాలి. ఏమీ తేలని ఊళ్లో ఆ తల్లిదండ్రుల గురించి పుట్టే కథలు కమిషన్ నివేదిక కన్నా క్రూరంగా ఉంటాయని నా అనుభవం.

హోం మంత్రి గారికి నా విన్నపం ఇది. ఒకే ఘటనలో ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది హత్యకు గురై, చేసినవాడు కూడా చనిపోతే, తుది నివేదికతో ఆపకుండా ఒక విశ్రాంత జిల్లా జడ్జితో ఆ జిల్లా కేంద్రంలోనే ఆరు నెలల గడువు పెట్టి విచారణ జరిపించండి. ముందు ఎవరికి ఎవరు ఏ ఫిర్యాదు చేశారు, దాన్ని ఏం చేశారు అన్నది అందులో మొదటి ప్రశ్న కావాలి, స్టేషను డైరీలతో సహా. విచారణ అయ్యేవరకు ఫోన్లు, కాగితాలు, ఇతర సాక్ష్యాలు భద్రంగా ఉండాలి. అంతవరకూ కనీసం చేయగలిగింది ఒకటుంది. కేసు మూస్తున్నప్పుడు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి అభ్యంతరం వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కేసుల్లో చాలాసార్లు ఫిర్యాదుదారు వీఆర్వో గారో, పక్కింటివారో అయి ఉంటారు. నోటీసు వాళ్లకు వెళుతుంది, వాళ్లకేం అభ్యంతరం ఉంటుంది? చనిపోయినవాళ్ల తల్లిదండ్రులకూ తోబుట్టువులకూ తప్పనిసరిగా నోటీసు ఇవ్వాలని ఆదేశించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

సభ్య కార్యదర్శి గారూ, మీకు చెప్పేది ఇంకా చిన్నది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్‌లో, విచారణ జరగని కేసుల్లో కూడా బాధితులు పరిహారం కోరవచ్చని ఉంది. పాత చట్టంలోని 357ఏ అదే. కానీ ఆ వాక్యంలో నేరస్థుడి ఆచూకీ లేకపోవడం, అతడెవరో తెలియకపోవడం అన్న మాటలు ముందు వస్తాయి. అది పట్టుకుని, ‘మీ కేసులో నేరస్థుడు ఎవరో తెలుసు కదా’ అని దరఖాస్తు పక్కన పెట్టే గుమస్తా ఎక్కడైనా ఉంటాడు. నేరస్థుడు చనిపోయి విచారణ జరగని కేసులు కూడా దీని కిందికే వస్తాయని జిల్లా సంస్థలన్నిటికీ స్పష్టంగా రాయండి. దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా మీ పారాలీగల్ వాలంటీరును ఆ ఇంటికి పంపి మీరే రాయించండి. దరఖాస్తు వచ్చాక రెండు నెలల్లో విచారణ ముగించాలని ఆ సెక్షనే చెబుతోంది. ఆస్తి దావా వేయాల్సి వస్తే ఉచిత న్యాయవాదిని కూడా ఇవ్వండి.

ప్రతులను నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు పంపుతున్నాను. మీ జవాబు ఇంగ్లీషులో కాకుండా తెలుగులో ఇప్పిస్తే, అడిగినవాళ్లకు నేనే చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
విశ్రాంత ప్రాసిక్యూటర్,
కావలి